వినిపించుకోని తల్లి

పోయిన వారం కథ మధ్యలో ఆపేసి మిమ్మల్ని మా గుమ్మంలోనే నిలబెట్టి వెళ్ళిపోయాను. కోపగించుకోకండి. తలుపు చప్పుడైతే ఓర్లీ వచ్చిందనుకున్నాను. మా మేడ మీద గదిలో ఉండే ఇయాస్‌ను వీడియో తీయడానికి కెమెరాతో వస్తానన్న అమ్మాయి ఆమె. తీరా తలుపు తీస్తే కెమెరా లేదు, ఓర్లీ లేదు. అరవై దాటిన ఆడమనిషి నిలబడి ఉంది. నల్లటి పొడుగు గౌను, తెల్ల తలగుడ్డ, చేతిలో ప్లాస్టిక్ సంచి, చెప్పుల నిండా సముద్రపు ఇసుక. "పెళ్ళిబట్టలు కుట్టే వదాద్ దుకాణం ఇదేనా అక్కా? నేను ఇయాస్ వాళ్ళమ్మని" అంది.

ఇయాస్ ఎవరని కొత్తగా అడిగేవాళ్ళకు రెండు ముక్కలు. యూదుల ఈ దేశం కట్టిన సరిహద్దు గోడకు అవతలుండే మా అరబ్బుల ఊరు తుల్కరెం, అక్కడి పిల్లాడు. మగపిల్లల్ని ఇష్టపడతాడని తెలిసి బాబాయి ప్రాణం తీస్తానంటే మూడేళ్ళ కిందట ఆ గోడ దాటి ఇక్కడికి, యాఫాకు వచ్చిపడ్డాడు. ఇక్కడ యోతం అనే యూదుల కుర్రాడు పరిచయమయ్యాడు, ఇద్దరూ నా మేడ మీదే కాపురం ఉంటున్నారు. ఇయాస్ ఇక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతి అయిపోవచ్చింది. ఆదివారం (ఇక్కడ అది పనిరోజే) అనుమతుల కమిటీ ముందు విచారణ. పొడిగించకపోతే వెనక్కి పంపేస్తారు. పరదేశాల్లో ఈ దేశం పరువు పెంచడానికి పుట్టిన ‘వెలుగు ముఖం’ అనే సంస్థ ఒకటి, ఓర్లీ పనిచేసేది అందులోనే, అతని తరఫున కమిటీకి మాట సాయం చేస్తామంది. దానికి బదులు వీడియోలో ఒక్క మాట చెప్పాలట: "నా కన్నతల్లే నన్ను చంపమంది. ఈ దేశం నన్ను బతికించింది." బాబాయి సంగతి నిజమే కదా, అది చెప్పుకోండి అంటే, బాబాయంటే చూసేవాళ్ళకు ఆనదట. తల్లి అయితే ఆనుతుందట. వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తల్లి ఇప్పుడు నా గుమ్మంలో ఉంది.

"లోపలికి రా అమ్మా, ఎండలో నిలబడ్డావు" అని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. "ఇల్లెలా తెలిసింది?"

"పోస్టరులో చూశాను. మా పక్కింటావిడ కొడుకు పరదేశంలో ఉంటాడు. అక్కడ బస్టాపులో మావాడి బొమ్మ అతికించారని ఫోటో తీసి పంపాడు. ఊరంతా తిరిగింది ఆ ఫోటో. అందరూ మావాడి చెయ్యి ఎవరి చేతిలో ఉందో చూశారు. నేను వెనకాల నీ దుకాణం బోర్డు చూశాను."

ఆ ఫోటో తీసింది మా గుమ్మంలోనే. పోయిన ఏడు యోతం మంచి మనసుతో ఇచ్చాడు, ఓర్లీ వాళ్ళు సంతోషంగా ఉన్న మనుషుల బొమ్మ ఒకటి కావాలంటే. "మరి మీ మరిది కూడా చూసి ఉంటాడుగా?" అన్నాను.

"వాడు మావాడి మొహం కనపడగానే ఫోను నేలకేసి కొట్టాడు. బోర్డు దాకా వెళ్ళలేదు. కోపిష్టివాళ్ళు దేన్నీ పూర్తిగా చూడరు కదక్కా."

పండగకని ఇక్కడి సర్కారు గోడకు అవతలి ఆడవాళ్ళకు సముద్రం చూసే అనుమతి ఇచ్చారట. ఊళ్ళోవాళ్ళు బస్సు మాట్లాడుకుని వచ్చారు. పొద్దు వాలకముందే ఆ బస్సు తిరిగి వెళ్ళిపోతుంది. నేను మెట్ల కింద నిలబడి, "ఇయాస్, ఒకసారి కిందికి రా నాన్నా" అని పిలిచాను. ఎవరొచ్చారో చెప్పలేదు. చెబితే మెట్ల మీద పడతాడని భయం.

వీడియో కోసం ఉతికిన చొక్కా సగం గుండీలతో దిగాడు. కింది మెట్టు మీద ఆగిపోయాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు. ఏడుస్తారేమోనని నేను గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఏడవలేదు. దగ్గరికి వెళ్ళి, చొక్కా గుండీలు మెడ దాకా ఒక్కొక్కటే పెట్టి, కాలరు సవరించి, అప్పుడు అతని మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడ్చింది నేనే, ముసలిదాన్ని, ఎవరూ అడక్కుండానే.

వంటింట్లో వంకాయలు తరుగుతున్న యోతం చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఈ పిల్లాడి అరబ్బీ సంగతి మీకు తెలుసు. పాత పుస్తకాల్లో నేర్చుకున్నాడు. భయం వేస్తే మరీ ముదురుతుంది. ఆవిడ ముందు తిన్నగా నిలబడి, "మాతృశ్రీ గారికి పండుగ శుభాకాంక్షలు. తమ ఆగమనముచే ఈ గృహము ధన్యమైనది" అన్నాడు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఈ అబ్బాయి రేడియోలో వార్తలు చదువుతాడా?"

"కాదమ్మా. పిల్లలకు ఈత నేర్పుతాడు."

"ఇతనేనా?"

ఇయాస్ తల ఊపాడు. ఆవిడ యోతంను పైనుంచి కిందికి చూసింది.

"ఇంత సన్నగా ఉన్నాడేం? తింటాడా, తినడా?" అని సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. ఖర్జూరం కూరిన పండగ బిస్కట్లు. యోతం రెండు చేతులా తీసుకుని, నోట్లో ఒకటి ఉండగానే ఇంకోటి పెట్టుకున్నాడు.

బల్ల చుట్టూ కూర్చున్నాం. నేను పొయ్యి మీద కాఫీ పెట్టాను. ఆవిడ కొడుకు చెయ్యి వదలకుండానే మాట్లాడింది. "నాన్నా, నీకు అబద్ధం చెప్పను. నువ్వెంచుకున్నది నా బుర్రకు ఎక్కదు. నమాజులో నీకోసం అడిగే చోటుకు వచ్చేసరికి మాట తడబడుతుంది, ఏమని అడగాలో తెలియదు. అయినా ఒక్క పూట మానలేదు."

"తెలుసమ్మా."

"ఏం తెలుసు నీకు? నాకు చెవుడొచ్చిందని తెలుసా?"

ఇయాస్ కంగారుగా లేచాడు. "చెవుడా? ఎప్పటినుంచి?"

"కూర్చో, చెబుతాను" అని ఆవిడ తీరిగ్గా కాఫీ ఒక గుక్క తాగింది.

మా జనంలో కొడుకును కన్నాక ఆడదానికి సొంత పేరు ఉండదు. పెద్దకొడుకు పేరుకు ముందు ‘ఉమ్’ చేర్చి, ఫలానావాడి తల్లీ అని పిలుస్తారు. ఈవిడ పాతికేళ్ళుగా ఉమ్ ఇయాస్. ఇయాస్ వెళ్ళిపోయాక ఆ మరిది చుట్టాలందరినీ కూర్చోబెట్టి, ఇక ఆ పేరు ఇంట్లో వినపడకూడదని హుకుం వేశాడట. రెండోవాడు హుసామ్ కాబట్టి ఇకమీదట ఈవిడ ఉమ్ హుసామ్.

"మర్నాడు మీ చిన్నమ్మ వెనకనుంచి పిలిచింది, ఉమ్ హుసామ్, ఉమ్ హుసామ్ అని. నేను తిరగలేదు. పొగరుతో కాదురా, ఒట్టు. హుసామ్ కూడా నా బిడ్డే. కానీ తిరిగితే నిన్ను కనలేదని ఒప్పుకున్నట్టే కదా. నా మెడ తిరగలేదు. మార్కెట్లో పిలిచారు, తిరగలేదు. పెళ్ళిలో పిలిచారు, తిరగలేదు. కొన్నాళ్ళకు పాపం, చెవులు పోయినట్టున్నాయి అనుకున్నారు. హుసామ్ అయితే బెంగపడిపోయి నాబ్లస్ పట్నం తీసుకెళ్ళి చెవుల డాక్టరుకు చూపించాడు."

"డాక్టరేమన్నాడు?" అని నేను.

"మిషను పెట్టి చూసి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. మరి మా అమ్మకు వినపడదేం అని వీడు గొడవ. ఆయన నా మొహం కాసేపు చూసి, వయసు బాబూ, వయసు అన్నాడు. పెద్దమనిషి."

ఇయాస్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తలవాల్చేశాడు, భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు కాదని తెలిసి యోతం వీపు మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చేతిని చూసింది. బిస్కట్ల డబ్బా ఇంకాస్త యోతం వైపు జరిపింది.

"చెవుడు మంచిదే" అంది ఆవిడ. "ఇవాళ ఒడ్డున సంచులకు కాపలా కూర్చోబెట్టి అందరూ నీళ్ళలోకి దిగారు. పక్కావిడ సంచులు చూస్తానంటే లేచి వచ్చేశాను. చెవిటిదాన్ని ఎవరూ వెతకరు. ఇంకో సంగతి. చెవిటిదాని ముందు ఎవరూ నోరు కట్టేసుకోరు. మొన్న మీ బాబాయి నా ఎదురుగానే అన్నాడు. నీ అనుమతి అయిపోవచ్చిందని వాడికి తెలుసు నాన్నా. వెనక్కి తోలేస్తే చెక్‌పోస్టు దగ్గరే కనిపెట్టుకుని ఉంటాడట. అది చెప్పడానికే వచ్చాను."

తరవాత ఇయాస్ మెల్లగా వీడియో సంగతి చెప్పాడు. ఆ మాట కూడా చెప్పాడు, తలెత్తకుండా.

ఆవిడ మొత్తం విన్నది. "ఆ మాటంటే కాగితం ఇస్తారా?"

"ఇస్తారనే అంటున్నారు."

"అయితే అను."

"అమ్మా."

"ఏం, అంటే నాకేం పోతుంది? ఆ పరదేశాలవాళ్ళు మా ఇంటికి భోజనానికి వస్తారా? చెడ్డతల్లి అనుకుంటారు, అనుకోనీ. నువ్వు బతికుంటే చాలు, నన్ను ఎన్ని తిట్టించినా సరే."

"నేననను. నీ ముందూ అనను, నీ వెనకా అనను."

"మొండివెధవా, నీ బాబాయి..."

బయట కారు ఆగింది. ఈసారి నిజంగా ఓర్లీయే. ఆలోచించే వ్యవధి లేదు. నేను ఆవిడను మూల కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పెళ్ళికూతురి మేలిముసుగు, సూదీదారం ఒళ్ళో పడేశాను. ఓర్లీ మూడుకాళ్ళ స్టాండు మోసుకుంటూ లోపలికి వచ్చి ఎవరని కళ్ళతోనే అడిగింది. "అంచులు కుట్టే ఆవిడ. చెవుడు" అన్నాను. ఆవిడ తల వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది.

ఓర్లీని రాక్షసిని చేసి చెబితే నాకూ సుఖంగా ఉండేది. కానీ కాదు. మెత్తని పిల్ల. ఆమె కూడా ఆడపిల్లనే ప్రేమించింది, వాళ్ళిద్దరికీ ఒక పాప. కనుబొమ్మ మీద మచ్చ ఉంది, చాలా ఏళ్ళ కిందట ఇలాంటి ప్రేమలకు హక్కులు కావాలని తీసిన ఊరేగింపులో రాయి తగిలింది. ఇవాళ సముద్రపు రోడ్డు పొడవునా రంగుల జెండాలు కట్టారంటే అలాంటివాళ్ళు రాళ్ళు తిన్నందుకే కట్టారు. యోతం ఇయాస్ చెయ్యి పట్టుకుని ఈ వీధిలో నడుస్తాడు, అది అబద్ధం కాదు. ఇయాస్ తల్లి కొడుకును చూడాలంటే చెవిటిదై, పండగ వచ్చేదాకా ఆగి, దొంగలా రావాలి, అదీ అబద్ధం కాదు. పోస్టరులో మొదటిదానికే చోటిస్తారు. నా కోపమంతా అక్కడే.

"అరబ్బీలోనే మాట్లాడు ఇయాస్, నిజంగా ఉంటుంది" అంది ఓర్లీ కెమెరా సరిచేస్తూ. "నాకు రెండు ముక్కలే వచ్చు. వదాద్ గారూ, మీరు వాక్యం వాక్యం మా భాషలోకి మార్చి చెప్పండి. యోతం ఇంటిమనిషి, అతను చెబితే చెల్లదు." ఎర్రదీపం వెలిగింది. "నువ్వు ఇల్లు వదిలిన రోజు చెప్పు. మీ అమ్మ ఏం చేసింది?"

ఇయాస్ మూల వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో మెడ నరాల్లో తెలుస్తోంది.

"తెల్లారుజామున మా అమ్మ నన్ను లేపింది" అన్నాడు. "బాబాయి నిద్ర లేచేలోపు వెళ్ళిపొమ్మంది. నా చొక్కాలు ముందే ఇస్త్రీ చేసి పెట్టింది. ప్రాణం పోతుందో ఉంటుందో తెలియని రోజున చొక్కాలకు ఇస్త్రీ ఎందుకమ్మా అంటే, కొత్త ఊళ్ళో మనిషిని బట్టల్ని బట్టి చూస్తారు అంది. బాబాయికి నా సంగతి ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. చెక్‌పోస్టులో ఈ దేశపు అధికారి ఒకడు నన్ను పక్కకు పిలిచాడు. నీ గుట్టు మాకు తెలుసు, మీ వీధి కబుర్లు మాకు మోస్తావా, మీ ఇంట్లో చెప్పమంటావా అన్నాడు. నేను మొయ్యనన్నాను. వారం తిరక్కుండా బాబాయికి ఫోనొచ్చింది."

నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. ఇంకాస్త గట్టిగానే చెప్పాను. ఓర్లీ మొహం వాడిపోయింది. దీపం ఆర్పింది.

"అధికారి సంగతి వద్దు ఇయాస్. కథ చిక్కుపడుతుంది. మీ అమ్మ సంగతి కూడా ఇలా కాదు కదా మనం అనుకున్నది."

"కథ కాదు ఓర్లీ, అతని బతుకు" అన్నాడు యోతం. వాళ్ళ భాషలో మాట్లాడేటప్పుడు అతనికి తడుముకోవడం ఉండదు. "పోయిన ఏడు నేను ఫోటో ఇస్తే ఏం చేశావు? మేం నవ్వుతున్న బొమ్మ కింద వాళ్ళ ఊరిని తిడుతూ రాశారు. రాళ్ళు తగిలింది నీకు, కాళ్ళు అరిగేలా తిరిగింది నువ్వు. అలా గెలిచినదాన్ని ఇప్పుడు మీ పైవాళ్ళు తమ మరకల మీద సున్నంలా వేసుకుంటుంటే బ్రష్షు నువ్వే పట్టుకుంటావా?"

"నేను పట్టుకోకపోతే ఇంకొకళ్ళు పట్టుకుంటారు" అంది ఓర్లీ. గొంతు తగ్గిపోయింది. "నన్ను తిట్టు యోతం, పడతాను. కానీ ఆదివారం కమిటీలో ఇతని పేరు ఎత్తే మనిషి ఇంకెవరున్నారు? పైవాళ్ళకు ఆ ఒక్క మాట కావాలి. అది లేకపోతే నోరు విప్పరు. నేను బతిమాలి చూశాను, ఒట్టు. ఇది చెరిపేసి మళ్ళీ తీద్దాం. ఇయాస్, ఒక్క వాక్యం."

"అనను" అన్నాడు ఇయాస్.

"వెనక్కి పంపేస్తారు."

"పంపనీ."

ఓర్లీ కళ్ళు తుడుచుకుని చెరిపేద్దామని కెమెరా మీదికి వంగింది. అప్పుడు మూల కుర్చీ కదిలిన చప్పుడైంది. ఇయాస్ వాళ్ళమ్మ మేలిముసుగు జాగ్రత్తగా మడిచి, సూది దానికే గుచ్చి, బల్ల మీద పెట్టింది. ఎవరినీ అడగకుండా వచ్చి కొడుకు పక్కన నిలబడి, అతన్ని భుజంతో పక్కకు నెట్టి, కెమెరా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"దీపం వెలిగించమను అక్కా" అంది నాతో.

నాకు అర్థమయ్యేసరికి ఓర్లీయే వెలిగించేసింది. ఆ పిల్లకు ఏమనిపించిందో తెలియదు, ఒక తల్లి మొహం చూసి వెలిగించి ఉంటుంది. ఇయాస్ "వద్దమ్మా, లే" అని చెయ్యి పట్టుకుని లాగాడు. ఆవిడ లేవలేదు. తలగుడ్డ సరిచేసుకుని, పెళ్ళి ఫోటోకు కూర్చున్నంత తిన్నగా కూర్చుని మాట్లాడింది.

"వీణ్ణి చంపమన్నది నేను. కన్నతల్లిని. మా మరిది చేతికి కత్తి ఇచ్చింది నేనే. తిరిగొస్తే మళ్ళీ అదే పని చేస్తాను. నా కళ్ళలోకి చూడండి, నేను అలాంటిదాన్నే. అందుకని వీణ్ణి నా దగ్గరికి పంపకండి. మీ దగ్గరే ఉంచుకోండి."

ఆ చివరి రెండు ముక్కలప్పుడు కూడా కన్ను తిప్పలేదు.

యోతంకు సగం అర్థమై గోడకు ఆనుకున్నాడు. ఇయాస్ నేల మీద కూలబడి తల్లి మోకాళ్ళ మీద మొహం పెట్టుకున్నాడు. సముద్రం వైపునుంచి బస్సు హారను మోగుతోంది. ఆడవాళ్ళను పోగుచేస్తున్నారు.

"చెవుడన్నారు కదా" అంది ఓర్లీ అయోమయంగా. ఆమె వేలు బటను మీదే ఉంది. "ఎవరీవిడ? ఏమంది వదాద్ గారూ? ఉంచనా, చెరిపెయ్యనా?"

ఉంచమంటే ఇయాస్‌కు కాగితం వస్తుంది. వాళ్ళ వీడియోలో ఈ మొహం కనపడ్డాక తుల్కరెంలో ఈవిడకు ఇల్లుండదు, హుసామ్ కూడా గడప తొక్కనివ్వడు. ఊరు ఊరంతా శత్రువుకు అమ్ముడుపోయిందంటుంది. చెరిపెయ్యమంటే ఈవిడ ఆ బస్సెక్కి క్షేమంగా ఇంటికి పోతుంది, ఆదివారం తరవాత కొడుకును చెక్‌పోస్టు దగ్గర మరిదికి అప్పజెప్పడానికి. కుట్టిన బట్టయితే విప్పి మళ్ళీ కుడతాను. నోరు దాటిన మాటను నేనేం చెయ్యగలను?

"చెప్పక్కా" అంది ఆవిడ మెల్లగా, కొడుకు జుట్టు నిమురుతూ.

"చెప్పకు పెద్దమ్మా" అన్నాడు ఇయాస్ తలెత్తకుండా.

హారను మళ్ళీ మోగింది. ఓర్లీ నా మొహం వంకే చూస్తోంది. నేను నోరు తెరిచాను.